ఊపిరి మావయ్య మరిచిన మాట

ఫ్రేముల షాపులో బంగారు రేకు అంటించే పని మొదలైతే ముందు ఫ్యాను ఆపేస్తారు. తర్వాత కిటికీలు మూస్తారు. ఆ తర్వాత అందరూ ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంటారు. రేకు అంత పల్చన మరి. పక్కనుంచి ఎవరు ఉస్సురన్నా చాలు, లేచి ముడుచుకుపోతుంది. మళ్ళీ దాన్ని సాపు చేయడం బ్రహ్మదేవుడి తరం కూడా కాదు. ఒక్క రేకమ్మ మాత్రం గుడ్డ కట్టుకోదు. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, మెత్తటి కుంచెతో రేకు ఎత్తి, ఫ్రేము మీద పరిచేస్తుంది. రేకు కదలదు. ఎందుకు కదులుతుంది, ఆమె ఊపిరి వదిలితే కదా!

అయిదో తరగతిలో ఉండగా పీల్చిన ఊపిరి అది. దానితోనే ఇన్నేళ్ళూ నెట్టుకొస్తోంది. చదువు, ఉద్యోగం, పెళ్ళి, అన్నీ ఆ ఒక్క ఊపిరి మీదే. కాకపోతే పొదుపుగా వాడుకోవాలి. మాట పెదవి చివర్న పలుకుతుంది, అలవాటున్నవాళ్ళకి అర్థమవుతుంది. పాట పాడదు, ఈల వేయదు. వేడి పాలు ఊదుకోకుండా, వాటంతట అవి చల్లారేదాకా ఎదురుగా కూర్చుంటుంది. నవ్వొస్తే భుజాలు ఊగుతాయి. ఏడుపొస్తే అవీ ఊగవు.

షాపు యజమానికి ఆమె చేతిపని మీద గురి. బంగారు రేకు పేరు మీదే ఆమెకు రేకమ్మ అని పేరు పెట్టింది ఆయనే. అదే షాపులో అద్దాలు కోసే అతను ఆమెను ఇష్టపడి చేసుకున్నాడు. ఇక అత్తగారికైతే చెప్పనక్కర్లేదు. ఎదురు చెప్పని కోడలు, నిట్టూర్చని కోడలు కావాలని ఎంతమంది అత్తలు కోరుకోలేదు గనక? ఈవిడకి కోరుకోకుండానే దొరికింది.

ఆ ఊపిరి ఎలా నిలిచిపోయిందో ఊళ్ళో అందరికీ తెలుసు. పాత ఆసుపత్రి చివరి గదిలో ఒక ఎక్స్‌రే మిషను ఉంది. ఒక ఇనుప స్తంభం, దానికి అడ్డంగా ఒక చెయ్యి, ఆ చేతి చివర బిందె అంత తల. మీట తిప్పితే గదిలో తుమ్మెద చిక్కుకున్నట్టు జుమ్మనేది, తర్వాత టక్‌మనేది. దాన్ని నడిపే ఆయన పక్కనే సీసపు తెర వెనక నిలబడి, ఆ తెరకున్న చిన్న అద్దంలోంచి చూస్తూ "ఊపిరి బిగపట్టు" అనేవాడు. జుమ్. టక్. "ఇక వదులు." ఎముక విరిగిన పిల్లలూ, దగ్గు తగ్గని పిల్లలూ అందరూ ఆ గది చూసినవాళ్ళే. వాళ్ళందరికీ ఆయన ఊపిరి మావయ్య.

ఆ రోజు వాన. దగ్గుతున్న ఆ అయిదో తరగతి పిల్లని వాళ్ళమ్మ బడి నుంచి సరాసరి తీసుకొచ్చింది. మావయ్య పిల్లని మిషను ఎదురుగా ఉన్న నిలువు పలకకి ఆనించి నిలబెట్టాడు. గడ్డం పైకెత్తించాడు, భుజాలు ముందుకి వంచాడు. ఫిల్ము ఉన్న రేకు పెట్టె, అంటే క్యాసెట్టు, తెచ్చి, ఎడమ వైపుకి గుర్తుగా సీసంతో చేసిన చిన్న అక్షరం దాని మూలన అంటించి, పలక వెనక దూర్చాడు. తెర వెనక్కి వెళ్ళి, "ఊపిరి బిగపట్టు పాపా" అని మీట తిప్పాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"ఫోటో పడలేదు. ఉండు, ఇప్పుడే వస్తా" అని ఆయన చీకట్లో తడుముకుంటూ క్యాసెట్టు లాగి తెర పక్కన గోడకి ఆనించి, ఫ్యూజు చూడ్డానికి పోయాడు. బయట ఎవరినో నిచ్చెన మీంచి పడితే మోసుకొచ్చారు. ఆయన ఆ హడావిడిలో పడ్డాడు. వాళ్ళమ్మ చూసీ చూసీ, పిల్లకి దగ్గు ఆగిపోయిందిగా అని ఇంటికి తీసుకెళ్ళిపోయింది. ఊపిరే బయటికి రాకపోతే దగ్గెక్కణ్ణుంచి వస్తుంది? పిల్ల మాట వినే రకం. పెద్దవాళ్ళు బిగపట్టమన్నారు, బిగపట్టింది. వదలమనలేదు, వదల్లేదు.

అలా గడిచిపోయేదే, రేకమ్మ నీళ్ళోసుకోకపోతే. నెలలు నిండుతున్నాయనగా నర్సమ్మ ఆమె పొట్ట మీద చెయ్యి వేసి చూసి, అత్తగారిని పక్కకి పిలిచింది.

"బిడ్డ బాగానే ఉంది. కానీ ఈ అమ్మాయి ఊపిరి వదలకుండా కాన్పెలా అవుతుందమ్మా? నొప్పి వచ్చినప్పుడల్లా పీల్చాలి, వదలాలి. మత్తిచ్చి ఆపరేషన్ చేద్దామన్నా ముందు ఊపిరాడాలి కదా. ఇలాగే ఉంటే ఇద్దరికీ ప్రమాదం."

ఆ సాయంత్రం రేకమ్మ భర్త ఆమె ముందు కూర్చుని "ఊపిరి వదులు" అని బతిమాలాడు. డాక్టరు చెప్పి చూశాడు. యజమాని కూడా, తన షాపుకి నష్టమని తెలిసీ, వచ్చి చెప్పాడు. రేకమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఊపిరి మాత్రం కదల్లేదు. చెప్పినవాడే చెప్పాలి. అంతకంటే మార్గం లేదు.

మర్నాడు అత్తగారు ఊపిరి మావయ్య ఇంటికి వెళ్ళింది. రిటైరైన మనిషి, వరండాలో కూర్చుని గొడుగు ఊచలు బాగుచేసుకుంటున్నాడు.

"అన్నయ్యగారూ, మా కోడలికి మీరు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. దయచేసి వచ్చి చెప్పండి."

"ఏ మాట?"

"వదలమని."

ఆయన గొడుగు పక్కన పెట్టాడు. "చూడు చెల్లెమ్మా, నా సర్వీసు మొత్తంలో వదలమని చెప్పడం ఒక్కసారి కూడా మరిచిపోలేదు నేను. ఆ రోజు ఫోటో పడలేదు. ఫోటో పడకుండా వదలమని ఎలా అంటాను? అన్నం ఉడక్కుండానే వడ్డించేస్తావా నువ్వు?"

"మరి ఇప్పుడు తీయండి ఆ ఫోటో."

"నెలలు నిండిన మనిషికి ఎక్స్‌రేనా! నీకు మతి ఉందా? నా గొంతు కోసినా తీయను."

రెండూ నిజమే. అందుకే అత్తగారికి ఒళ్ళు మండింది. "మీ పంతం మీది, మీ పద్ధతి మీది. మధ్యలో నా ఇంటి దీపం ఆరిపోయేలా ఉంది" అని లేచి వచ్చేసింది. దారంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆ రాత్రి మావయ్య కూడా సరిగ్గా నిద్రపోలేదని తర్వాత ఆయన భార్య అందరికీ చెప్పింది.

అదే వారం ఆ పాత మిషను విప్పేస్తున్నారని తెలిసింది. కొత్త భవనంలో కొత్తది వచ్చేసింది, పాతదాన్ని ముక్కలు చేసి పట్టుకుపోతారు. ఆ పొద్దున ఎవరూ పిలవకుండానే జనం ఆసుపత్రి వరండాలో చేరారు. బస్సు డ్రైవరు వచ్చాడు, చిన్నప్పుడు గోడ దూకి విరగ్గొట్టుకున్న మోచెయ్యి మొదట చూసింది ఆ మిషనే. మింగిన గుండీ ఎక్కడుందో చూపించుకున్న టీచరమ్మ వచ్చింది. "నా లోపలంతా చూసింది ఇది, మనిషి కంటే ఎక్కువ" అని ఒక ముసలాయన దాని ఇనుప చెయ్యి నిమిరాడు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మూల నిలబడ్డాడు.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. మరో దారి లేదు కాబట్టి వచ్చింది. మిషను పోతే ఆ గది పోతుంది, ఆ గది పోతే ఇక అడగడానికి చోటంటూ ఉండదు.

పనివాళ్ళు ముందు కరెంటు వైరు కోసేశారు. తర్వాత నలుగురూ కలిసి సీసపు తెరని పక్కకి జరిపారు. తెరకీ గోడకీ మధ్య సందులోంచి ఏదో ధబ్బున పడింది. దుమ్ము కొట్టుకుపోయిన క్యాసెట్టు. ఒకతను తెరవబోయాడు.

"తెరవకు! వెలుతురు తగిలితే పోతుంది" అని మావయ్య ఒక్క ఉరుకున వచ్చి లాక్కున్నాడు. చొక్కా చేత్తో దుమ్ము తుడిచాడు. మూలన, ఎండిపోయిన పట్టీ కింద, ఎడమ గుర్తు సీసపక్షరం ఇంకా అంటుకునే ఉంది.

ఆ అక్షరం ఆ వానరోజు పోయింది. ఆయన దానికోసం గదంతా వెతికి, దొరక్క, సీసం ముక్క కోసి ఇంకోటి చేసుకున్నాడు. రిటైరయ్యేదాకా ఆ వంకర అక్షరమే వాడాడు. అందుకే ఆయనకి అది ఏ రోజు క్యాసెట్టో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఖాళీదే అయ్యుంటుంది" అన్నాడు. "ఖాళీదే" అని మళ్ళీ అని, పక్కనున్న చీకటి గదిలోకి వెళ్ళాడు. అక్కడ డబ్బాల అడుగున మందు గడ్డకట్టి ఉంది. కత్తితో పొడిచి, గోరువెచ్చని నీళ్ళలో కలిపి, తలుపు వేసుకున్నాడు. బయట జనం ఆ తలుపు వంకే చూస్తూ నిలబడ్డారు. రేకమ్మ బల్ల మీద కూర్చుని పొట్ట మీద చేతులు పెట్టుకుంది.

చాలాసేపటికి ఆయన తడి ఫిల్ము క్లిప్పుకి వేలాడదీసి పట్టుకొచ్చి, కిటికీ వెలుతురుకి అడ్డంగా పెట్టాడు. చిన్న పిల్ల ఛాతీ. సన్నటి పక్కటెముకలు. వాటి మధ్య ఊపిరితిత్తులు రెండూ అంచులదాకా నిండి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్క మచ్చ లేదు. భుజం దగ్గర తెల్లగా ఒక పిన్నీసు.

"పిన్నీసు తీసేయమని చెప్పాను, తీయలేదు చూడు" అన్నాడు మావయ్య. అలవాటు కొద్దీ వచ్చిన మాట. తర్వాత ఫిల్ము వంక చూస్తూ ఉండిపోయాడు. కరెంటు పోయేలోపు ఫోటో పడిందన్నమాట. కరెంటు పోయిన కంగారులో టక్ మనడం ఆయనకి వినబడలేదు.

"ఫోటో పడింది" అన్నాడు మెల్లగా. "పడ్డాక నేను వదలమనలేదు. తప్పు నాదే తల్లీ."

రేకమ్మ లేచింది. మావయ్య, పనివాళ్ళు కోసేసిన వైరు కొస ఒకసారి చూసుకుని, అయినా నమ్మకం చాలక, దాన్ని తన పిడికిట్లో పట్టుకున్నాడు. రేకమ్మ పలక ముందు నిలబడింది. పొట్ట అడ్డమొచ్చి పలక అందలేదు. "పరవాలేదు, గడ్డం పైకెత్తు. భుజాలు ముందుకి. అంతే" అన్నాడు. తెర ఉండాల్సిన చోట గోడ మీద దాని మరక మాత్రమే ఉంది. ఆ మరక ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇక వదులు పాపా."

ఊపిరి వచ్చింది. ఒక్కసారిగా కాదు, నెమ్మదిగా, ఆగకుండా వచ్చింది. మిషను మీద దుమ్ము లేచింది. తలుపు తెరలు వరండాలోకి ఎగిరాయి, జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. సుద్దముక్కల వాసన, తడిసిన బడి సంచీ వాసన, ఆ నాటి వాన వాసన గదంతా నిండి బయటికి పోయాయి. అది అయ్యాక రేకమ్మ నోరు తెరిచి, ఎలా పీల్చాలో తెలియక తడబడి, చివరికి పీల్చింది. మళ్ళీ వదిలింది. తర్వాత గొంతెత్తి ఏడ్చింది. ఇన్నేళ్ళ ఏడుపు కాబట్టి ఎవరూ ఓదార్చే తొందర పడలేదు. అత్తగారు మాత్రం ఆమెను పట్టుకుని తనూ ఏడ్చింది.

"మావయ్యా" అంది రేకమ్మ చివరికి, అందరికీ వినబడేలా. "కాళ్ళు లాగేస్తున్నాయి. అప్పట్నుంచీ నిలబెట్టేశావు."

జనం నవ్వారు. మావయ్య కుర్చీ తేవడానికి పరిగెత్తాడు.

మధ్యాహ్నానికి మిషను ముక్కలై పోయింది. ఫిల్ము మాత్రం రేకమ్మ షాపుకి తెచ్చుకుంది. భర్త అద్దం కోసి ఇచ్చాడు, ఆమె ఫ్రేముకి బంగారు రేకు అంటించింది. మొదటిసారి గుడ్డ కట్టుకుని కూర్చుంది. అయినా రేకు ఒక మూల లేచి మడత పడిపోయింది. యజమాని చూసి నిట్టూర్చాడు. అదే పని తనూ చేయగలనని గుర్తొచ్చి, రేకమ్మ ఆయన కంటే గట్టిగా నిట్టూర్చింది. మడత అలాగే ఉంచి ఫ్రేము గోడకి తగిలించారు. ఇంట్లో అత్తాకోడళ్ళకి మొదటి తగాదా కూడా ఆ వారమే అయింది, కూరలో ఉప్పు గురించి. అత్తగారు ఆ సంగతి వీధంతా తిరిగి సంబరంగా చెప్పుకుంది.

కొత్తగా నడక నేర్చినవాళ్ళు తడబడ్డట్టే రేకమ్మ ఊపిరి కూడా అప్పుడప్పుడూ తడబడేది. భయం వేస్తే మళ్ళీ బిగపట్టేసేది. నొప్పులు వచ్చిన రోజు జరిగింది అదే. నర్సమ్మ వదలమని ఎంత అరిచినా లాభం లేకపోయింది. రేకమ్మ ముఖం తెల్లబడింది. అత్తగారు తలుపు సందులోంచి కొడుకుని ఒక్క కేక వేసింది. అతను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి, మావయ్యని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు.

లోపలికి మగవాళ్ళు రాకూడదన్నారు. ఆయన కాన్పు గది తలుపు తెర వెనక నిలబడ్డాడు. తెర వెనక నిలబడటం ఆయనకి కొత్త కాదు. "పీల్చు" అన్నాడు. "బిగపట్టు." లోపల నర్సమ్మ "ఊఁ, ఇప్పుడు" అంది. "ఇక వదులు."

లోపల రేకమ్మ ఊపిరి వదిలింది.

పొద్దెక్కింది. ఆయనకి కుర్చీ వేస్తే కూర్చోలేదు. గొంతు బొంగురుపోయింది, మంచినీళ్ళు ఇస్తే ఒక్క గుటక వేసి గ్లాసు తిరిగి ఇచ్చేశాడు. అత్తగారు తలుపు దగ్గరే నిలబడి ఆయన పెదవుల వంకే చూస్తోంది. వరండాలో ఎండ గుమ్మం దాకా వచ్చేసరికి లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినబడింది. గుక్క తిప్పుకుంటూ, ఎవరూ చెప్పక్కర్లేకుండానే పీలుస్తూ, వదులుతూ ఏడుస్తోంది.

అప్పుడు గానీ ఆయన కూర్చోలేదు. పొద్దుట్నుంచీ ఎన్ని నొప్పులు వచ్చాయో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, వదలమనడం మాత్రం ఊపిరి మావయ్య ఒక్కసారి కూడా మరిచిపోలేదు.