మూత బిగిసిన డబ్బా

నేను లోపలున్నది బయటికి కనబడే ఒక ప్లాస్టిక్ డబ్బాని. ఫ్యాక్టరీలో అచ్చు ఎక్కడ తేడా కొట్టిందో గానీ, నా మూత మహా బిగువు. కాకినాడలో ఒక మిఠాయి కొట్టువాడు కొన్నాళ్లు నాతో కుస్తీ పట్టి, చివరికి జంతికలతో సహా వెంకాయమ్మగారికి అంటగట్టాడు. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆవిడ మనవరాలు జోషిత. మూడేళ్లు నిండినా మాట లేదు, పిలిస్తే పలకదు. ప్లాస్టిక్ గాజులను నేల మీద గిర్రున తిప్పుకుంటూ కూర్చునేది. ఆటిజం అన్నారు డాక్టర్లు. తల్లి నాగమణి మాత్రం పిల్ల ఒక్కసారి తన వంక చూస్తే చాలని మొహం వాచి ఉండేది.

ఇలాంటి తల్లులకు శిక్షణ ఇచ్చే సుహాసిని టీచరు ఇంటికొచ్చి చెప్పింది. "అడక్కుండానే అన్నీ చేతికందిస్తే పిల్లకి మీతో పనేముంటుందండీ? ఇష్టమైనది కనబడాలి, అందకూడదు. మీరు ఎదురుగా కూర్చుని కాస్త ఆగండి. మీ చెయ్యి పట్టుకున్నా అడిగినట్టే, వెంటనే తీసిచ్చెయ్యండి."

అలా నా దుర్గుణమే నాకు ఉద్యోగమైంది. గాజులన్నీ నా కడుపులో చేరాయి.

"పసిదాన్ని ఊరించే చదువేంటే అమ్మాయ్?" అని వెంకాయమ్మగారు సణిగారు. నాగమణి మనసూ అదే అంది. టీచరు మళ్లీ వచ్చే రోజు, పిల్ల ఏడవకూడదని, ఎవరూ చూడకుండా నా మూత వదులు చేసింది. జోషిత వచ్చింది, మూత తీసింది, గాజులు తీసుకుని తల్లికి వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది.

"మీరే వదులు చేశారా?" టీచరు మెల్లగా అడిగింది.

"ఏడుత్తాదేమోనని భయమేసిందండి."

"ఏడిపించమనట్లేదండీ. కొంచెం ఆగమంటున్నాను. ఆ కొంచెంలోనే తనకి మీరు కావాలి."

టీచరు వెళ్లాక నాగమణి గాజులు మళ్లీ నాలో వేసి, మూత తనే బిగించింది. జోషిత నన్ను ఊపింది, కొరికింది, విసిరింది. నేను మంచం కిందికి దొర్లాను. నాకు దెబ్బ తగిలిందా అని అడిగేవాళ్లెవరు! కాసేపటికి నన్ను లాక్కొచ్చి తల్లి ఒళ్లో పడేసింది. తల్లి చెయ్యి పట్టుకుని నా మూత మీద పెట్టింది. అప్పుడు పిల్ల తలెత్తి అమ్మ మొహంలోకి చూసింది.

వెంటనే తీసివ్వాలన్న సంగతే నాగమణి మరిచిపోయింది. "తీత్తానమ్మా, తీత్తాను" అంటూ ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. డబ్బా ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది?

నెలల తరబడి అలా అడిగీ అడిగీ, ఇప్పుడు జోషిత "అమ్మా, తియ్యి" అంటుంది. అడగడం వచ్చిన పిల్లకి నేనెందుకు? నన్ను అటక మీదికి ఎక్కించేశారు. కింద ఆ పిల్ల అమ్మని పిలవడం, అమ్మ పరిగెత్తుకు రావడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. నాకూ ఎవరినైనా పిలవాలని ఉంటుంది. ఎలా పిలవాలో నాకెవరూ నేర్పలేదు.