పత్తి అర్రలోంచి సాక్ష్యం

పత్తి ఏరడం సగమయ్యేసరికి ఇంట్లో పెద్ద అర్ర నిండిపోయింది. మొగుళ్లపల్లిలో ఆ నెలలో ఏ ఇంటికి పోయినా అంతే. పత్తి ఇంట్లో పడుకుంటుంది, మనుషులు వసారాలో సర్దుకుంటారు. లతకు మాత్రం ఆ అర్ర ఇంకో పనికి కూడా వచ్చింది. కుప్ప నడుమ ఒక గుంత చేసుకుని అందులో కూర్చుని తలుపు వేసుకుంటే, బయట ట్రాక్టరు పోయినా వినబడదు, కోళ్లు కొట్లాడుకున్నా వినబడదు. తన మాట తనకే, ఎవరో చెవి దగ్గర చెప్పినట్టు మెత్తగా వినబడుతుంది.

లత చేసే పని మాటలు చదవడం. అమెరికాలో ఒక కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదని సౌమ్య చెప్పింది. అక్కడ పిల్లలకు ఒంట్లో బాగాలేకపోతే తల్లిదండ్రులు ఫోను చేసి అడిగే నంబరు ఒకటి ఉంది. ముందు ఇంగ్లీషు వస్తుంది, తర్వాత వరుసగా వేరే భాషలు. తెలుగు కావాలంటే ఏడు నొక్కాలి. ఏడు నొక్కినాక వినబడే గొంతు లతది. సౌమ్య జనగామలో, బస్టాండుకు ఎదురుగా మేడ మీదున్న చిన్న ఆఫీసులో కూర్చుని కాగితాలు ఫోనుకు పంపుతుంది. లత చదివి తిరిగి పంపుతుంది. ఇంటరు మొదటి సంవత్సరంలోనే పెళ్లయి పుస్తకాలు అటకెక్కిన మనిషికి, తన గొంతు సముద్రాలు దాటిపోతుందంటే మొదట్లో నమ్మకమే కలగలేదు.

నేర్చుకోవడానికి నెల పట్టింది. దవాఖాన అనొద్దు, ఆసుపత్రి అనాలి. ఒత్తండి అనొద్దు, నొక్కండి అనాలి. ఒకసారి కాగితంలో "ఆయాసంగా ఉంటే" అని ఉంటే, భయంలో ఉన్న తల్లికి ఆ మాట అందుతుందో లేదో అనిపించి లత "దమ్ముంటే ఒకటి నొక్కండి" అని చదివింది. సౌమ్య ఫోను చేసి పది నిమిషాలు నవ్వింది.

"అక్కా, కోస్తోళ్లు వింటే లడాయికి పిలిచినవనుకుంటరు! దమ్ముంటే నొక్కుమంటే ఎవలు నొక్కరక్కా?"

"మరి దమ్మొస్తే దమ్మనక ఏమంటరు?" అంది లత. కానీ మార్చి చదివింది.

చదువుతున్నంతసేపూ ఆమెకు ఒక మనిషి కనబడేది. కిటికీ పక్కన నిలబడి, భుజం మీద బిడ్డను వేసుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్న ఆడమనిషి. ముఖం ఎప్పుడూ కనబడదు. కిటికీ బయట మంచు పడుతుంటుంది. లత మంచును చూడలేదు కనుక అక్కడా పత్తే పడుతుండేది, నెమ్మదిగా, చప్పుడు లేకుండా. ఆ మనిషి వింటూ వింటూ కొంచెం కొంచెంగా భుజాలు దించేది. అప్పుడు లతకు కూడా ఊపిరి తేలికయ్యేది.

ఎందుకంటే లతకు ఆ భయం తెలుసు. కూతురు అక్షితకు మూడేళ్లు. చలి మొదలైతే ఛాతీలో పిల్లికూతలు వస్తాయి. పిల్ల నిద్రపోతే లత ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. తుమ్మితే చూస్తుంది, తుమ్మకపోయినా చూస్తుంది. పత్తి అర్ర గడప కూడా తొక్కనివ్వదు.

ఆ మంగళవారం పొద్దున సౌమ్య ఫోను చేసినప్పుడు లత వసారాలో పిల్లకు తల దువ్వుతోంది. అత్త కట్టమ్మ పక్కన కూర్చుని కందులు చెరుగుతోంది.

"అక్కా, మన లైను పోయేటట్టున్నది."

"సిగ్నలా?"

"కాదక్కా, తెలుగు లైను. ఆ దేశంల ఇంగ్లీషే అధికార భాష అని పైనుంచి ఆర్డరొచ్చింది కదా. ఇన్ని రోజులు వేరే భాషలోళ్లకు సాయం చెయ్యాలెనని పైనోళ్లు గట్టిగ చెప్తుండిరి. గిప్పుడు మీ ఇష్టం అన్నరట. కౌంటీ సభల ఎల్లుండి చేతులెత్తి తేల్చుకుంటరు, ఉంచుడా తీసుడా."

లత స్పీకరు పెట్టింది. "తీసెయ్యమని ఎవలంటున్నరు?"

"సంఘాలున్నయక్కా, దేశమంత ఒక్కటే భాష ఉండాలె అనేటోళ్లు. ఎలచ్చన్లప్పుడు మెంబర్ల ఖర్చు చూసుకునేది గూడ వాళ్లేనట. ఉంచుమనేది మన కంపెనీ. మనోళ్లు గూడ ఒకాయనను పెట్టిన్రు, మెంబర్ల చుట్టు తిరిగి చెప్పనీకి. ఆయన నౌకరే గది. పేరు గూడ రిజిస్టరు చేయించుకుంటరట."

కట్టమ్మ చేట ఆపింది. "అంటే పైరవీకారేనా?"

"ఆఁ, గదే అవ్వా, పైరవే!"

"పేరు రాయించుకొని చేస్తరా పైరవి? మన తాన చాటుకు చేస్తరు, జర సిగ్గుంటది," అని మళ్లీ చేట ఊపింది కట్టమ్మ.

సౌమ్య అసలు సంగతికి వచ్చింది. సభలో ఒక తల్లి సాక్ష్యం వినిపించాలి. తెలుగు లైను వల్ల బిడ్డ బతికిందని ఆమె గొంతులో వినిపిస్తే, కింద ఇంగ్లీషు అక్షరాలు తెర మీద వస్తాయి. ఇంగ్లీషు తయారుగా ఉంది. తెలుగులో చదవాల్సింది లత.

"అక్కడ తల్లులు లేరా?"

"ఉన్నరక్కా. ముందుకొస్తలేరు. పేరు చెప్తే ఎవలన్న రాసుకుంటరు, రేపు వీసా కాయిదాల కాడ ఏమైతదోనని భయం."

"మరి నేను చెప్తే అబద్ధం కాదా?"

"ఎవలో ఒకలకు అయ్యే ఉంటది కదా. అయినోళ్లు చెప్తలేరు, మనం చెప్తున్నం. సాయంత్రం ఆరు లోపట పంపక్కా. లైను పోతే నీ పని, నా పని రెండు పోతయ్."

కాగితం వచ్చింది. లత వేలితో జరుపుకుంటూ చదివింది. "నా పేరు శ్రీలత. నా కూతురికి మూడేళ్లు. ఆ రోజు నా పాపకు ఊపిరి ఆగిపోయింది. పెదవులు నీలంగా మారాయి. నా చేతుల్లోనే నా బిడ్డ చల్లబడిపోయింది."

అక్కడే ఆగిపోయింది. కంపెనీవాళ్లు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో, పేరులో సగం తనది, వయసు తన బిడ్డది. "జ్వరం వస్తే" అని చదివినప్పుడు అది ఎవరి జ్వరమో. ఇది అలా కాదు. నా అనాలి. నా నోటితో నా బిడ్డ చల్లబడిందని అనాలి.

భర్త యుగేందర్ భూపాలపల్లిలో బొగ్గు టిప్పరు నడుపుతాడు. ఫోను చేసి చెబితే ఇంజను చప్పుడులో నవ్వాడు.

"నువ్వన్నదల్లా అయితదా? అయితే ముందుగాల మా సూపర్‌వైజర్ నాకు లీవిచ్చిండని అనరాదే."

"నీకు నవ్వులాటనే."

"నాలుగు ముక్కలే కదనే, సదివి పారెయ్. పిల్లకు నేనేమన్న కానిస్తనా?"

అత్త అలా తీసిపారెయ్యలేదు. "పనన్నంక సదవాలె గని, పొద్దుగూకక ముందే సదువు బిడ్డా. పొద్దుగూకంగ తథాస్తు దేవతలు తిరుగుతరు. నా బిడ్డ అనకు, వాళ్ల బిడ్డ అను."

"సాక్ష్యమంటే నా అనే చెప్పాలె అత్తమ్మా."

పొద్దుగూకక ముందే చదవాలనే లత అనుకుంది. కానీ ముందు పిల్లకు నీళ్లు పోయాలి. తర్వాత అన్నం పెట్టాలి. తర్వాత బట్టలు. పని అయిపోయినప్పుడల్లా ఇంకో పని వెతుక్కుంది. చివరికి చూస్తే ఎండ గోడ మీది నుంచి దిగి, ఎర్రగా వాకిట్లో పరుచుకుని ఉంది. పిల్లను అత్త ఒళ్లో పెట్టి అర్రలోకి పోయి తలుపు వేసుకుంది.

పత్తి పగలంతా దాచుకున్న వెచ్చదనాన్ని వదులుతోంది. ఫోను నోటి దగ్గర పెట్టుకుంది, తీసింది. మళ్లీ పెట్టుకుంది. "నా పాపకు" అని ఆగింది. కళ్లు మూసుకుంది.

అది నిద్రో కాదో. పత్తి గుంత పెద్దదై పెద్దదై ఒక సభ అయింది. గుండ్రంగా కుర్చీలు, కుర్చీల్లో మెంబర్లు. ఒక్కొక్కరి వెనకాల ఇద్దరు మనుషులు నిలబడి, చేతుల్లోని పత్తిని కొంచెం కొంచెం తీసి, చాలా మర్యాదగా, వాళ్ల చెవుల్లో పెడుతున్నారు. ఒక చెవిలో ఒకరు, ఇంకో చెవిలో ఇంకొకరు. మెంబర్లు తల ఊపుతున్నారు. తలుపు బయట, తెల్లగా రాలుతున్న దాంట్లో, ఆ ఆడమనిషి బిడ్డను వేసుకుని నిలబడి ఉంది.

"లోపటికి రాకపోయినవా?" అంది లత.

"పేరడుగుతరు. నాకు భయం."

"నాకూ భయమే. గీ మాటంటే నా బిడ్డకు తగుల్తది."

"అనకు మరి," అందామె, చాలా మామూలుగా, పక్కింటామె గోడ మీది నుంచి చెప్పినట్టు.

లత కళ్లు తెరిచింది. ఆరుకు ఇంకా కొంచెం ఉంది. కాగితం కనబడకుండా ఫోను తిప్పి పట్టుకుని, రికార్డు బొత్తాం ఒత్తింది. కంపెనీకి చదివే గొంతు కాకుండా ఇంట్లో మాట్లాడే గొంతు వచ్చింది.

"నా పేరు లత. మాది మొగుళ్లపల్లి. నేను మీ తాన ఉంటలేను, ఎన్నడు రాలే. ఏడు ఒత్తితే మాట్లాడేది నేనే. నా బిడ్డ సల్లగున్నది. ఎవల బిడ్డయినా సల్లగుండాలె. చలికాలం దానికి పిల్లికూతలు పెడ్తే నాకు కాళ్లు చేతులాడవు. ఒకపారి దవాఖాన్ల వేరే రాష్ట్రం డాక్టరు ఎన్ని రోజులసంది అని హిందీల అడిగిండు. నాకు సమజైంది గని నోరు రాలే. పక్క మంచమామె నా బదులు చెప్పింది. మీ తాన పక్క మంచమామె లేకుంటే ఆ తల్లి ఎట్ల చెయ్యాలె? ఉంచుతరో తీస్తరో మీ ఇష్టం. నాకు కాయిదమిచ్చి సదువుమన్నరు. గది నాకు కాలేదు కాబట్టి సదువలే."

పంపేసింది. సౌమ్య తిడుతుందని ఫోను చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "అందిందక్కా, సూపర్."

ఆ సూపర్ లతను రెండు రోజులు పరేషాన్ చేసింది. విని బాగుందన్నదా? వినకుండా అన్నదా? అడిగితే పని పోతుంది, అడగకపోతే ఏమవుతుందో తెలియదు. అక్షితకు ఒంట్లో బాగానే ఉంది. అయినా లత పెదవుల రంగు చూస్తూనే ఉంది.

శుక్రవారం పొద్దున సౌమ్య ఫోను.

"ఏం చేసినవక్కా నువ్వు!"

"వినలేదా నువ్వు?"

"పనితోని ఆగమాగముంటి. నడుమ ఒక్క ముక్క విన్న. బిడ్డ సల్ల అని వినబడ్డది. చల్లబడింది అనేదాన్ని నీ తీరుగ అన్నవనుకొని పంపిన!"

ఆమె చెప్పిన దాన్నిబట్టి సభలో జరిగింది ఇది. లత గొంతు వినిపించారు. కింద తెర మీద ఇంగ్లీషులో, నా బిడ్డ నా చేతుల్లో చల్లబడిపోయింది అని అక్షరాలు వచ్చాయి. మెంబర్లలో ఒకామె కళ్లు తుడుచుకుంది. సరిగ్గా అప్పుడే చివరి వరుసలోంచి ఎవరో నవ్వారు. అందరూ వెనక్కి చూశారు. నవ్విన మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ అప్పటికే ఆలస్యమైంది. అధ్యక్షుడు లేపి అడిగితే, ఇంగ్లీషులో చెప్పింది. రికార్డులో ఆమె అన్నది అది కాదు. సల్లగుంది అంటే మా దగ్గర బాగుంది అని అర్థం, దీవెన. మిగతాది కూడా తెర మీద రాసినట్టు లేదు.

మైకు ముందుకు పిలిచారు. పేరు అడిగారు. కౌసల్య అని చెప్పింది. సొంతూరు మానుకోట. మాట్లాడకుండా వెనకాల కూర్చుని విని పోదామని వచ్చిందట. లత అన్నదంతా మళ్లీ వినిపించి, ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెప్పించారు. డాక్టరు సంగతి, పక్క మంచం సంగతి, కాగితం చదవలేదన్న సంగతి. కంపెనీ పెట్టిన పైరవీకారు మధ్యలోనే ఫైలు చంకన పెట్టుకుని లేచిపోయాడట.

"ఆమె గూడ ఒకపారి ఏడు నొక్కిందట," అంది సౌమ్య. "పిలగానికి జరం. మందు ఎంత పొయ్యాలెనో విని పోసింది, తగ్గింది. మరి నీ కథ ఎవలకూ ఎందుకు చెప్పలేదని అడిగితే, ఏం కాలేదు కదా, ఏమని చెప్పాలె అన్నదట."

"తీసేసిన్రా మరి?"

"వచ్చే నెలకు జరిపిన్రు. లైను ఉంటే గూడ మన కంపెనీకి ఉండది, ఇంకెవలకో ఇస్తరు. నీకు ఇగ కాయిదాలు పంపొద్దన్నరు. నా సంగతి సోమవారం చెప్తరట."

లత ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "నా వల్లనే అయింది చెల్లె."

"నీ వల్లనే," అంది సౌమ్య. తనే మళ్లీ, "వినకుండ పంపింది నేను కదా," అంది. "కౌసల్య నీ నంబరడిగిందక్కా. నేను ఇయ్యలే. ఆమె రికార్డు చేసిన మాట మాత్రం నీకు పంపుతున్న. ఇష్టముంటే విను."

అక్షిత వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెడుతోంది. లత మెట్టు మీద కూర్చుని ఫోను చెవికి పెట్టుకుంది. అది కిటికీ పక్కన నిలబడే మనిషి గొంతులా లేదు. కొంచెం బొంగురుగా, కొంచెం తొందరగా, బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిలా ఉంది.

"చెల్లె, నేను కౌసల్యను. నువ్వు సల్లగున్నది అంటుంటే కింద గట్ల రాసిన్రు చూడు, నాకు నవ్వాగలే. నవ్విన పాపానికి పేరు చెప్పాల్సొచ్చింది. రాసుకున్నరు. మా ఆయన పొద్దటిసంది మాట్లాడ్తలేడు. ఏమైతదోనని నాకు గుబులుగున్నది. ఊకెనే చెప్తున్న, ఎవలకన్న చెప్పాలె కదా. నీ బిడ్డ మంచిగున్నది కదా?"

లత రెండుసార్లు విన్నది. జవాబు చెప్పాలి. ఈసారి చేతిలో కాగితం లేదు, ఏ మాట అనాలో, ఏ మాట అనకూడదో చెప్పేవాళ్లు లేరు. ఏమీ కాదు అక్కా, భయపడకు అందామనుకుంది. కానీ ఏమీ కాదని తనకు మాత్రం ఏం తెలుసు? నా వల్లనే నీకీ గోస అందామనుకుంది. అది కూడా నోట్లోనే ఉండిపోయింది. వేలు బొత్తాం మీదే ఉంది. కోడిపిల్లలు చెదిరిపోతే అక్షిత కిలకిల నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డయి ఉంటుంది.

"అక్కా," అంది లత చివరికి. "మీ తాన పొద్దుగూకిందేమో. తిన్నవా? పొద్దటిసంది ఏమన్న తిన్నవా లేదా, ముందుగాల గది చెప్పు."