వంటింటి కిటికీ కింద బండి

ఆమె రోజూ ఆరున్నరకు వంటింటి కిటికీ తెరుస్తుంది. కిటికీ కింద సందులో టార్పాలిన్ కప్పిన మోటార్ సైకిల్ ఉంటుంది. ఏడు నెలలుగా అది కదలలేదు.

బుధవారం పొద్దున కిటికీ తెరిచేసరికి టార్పాలిన్ లేదు. భర్త బండి టైరును కాలితో నొక్కి చూస్తున్నాడు.

"బండి మేస్త్రీ వస్తున్నాడు. నన్ను ఎక్కించుకునే గోడౌన్ వ్యాను ఇటు తిప్పడం మానేశారు. రేపట్నుంచి దీని మీదే డ్యూటీకి."

"పాత ఇనప సామానుకి ఇచ్చేస్తానన్నారుగా?"

"అన్నాను. ఇప్పుడు అవసరం పడింది. నీకేం?"

"నాకేముందండీ," అంది. చేతిలో గిన్నె కింద పెట్టింది.

కదలని బండి పక్కన మాట్లాడిన మాటలు బండిలోకి దిగుతాయని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఇనుముకి తుప్పు పడుతుందని తెలిసినట్టే. ఈ నెల మాటలు కార్బ్యురేటర్‌లో ఉంటాయి. పాతవి సైలెన్సర్ అడుక్కి చేరతాయి. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అన్నీ బయటికొస్తాయి. అందుకే జాగ్రత్తపరులు ఆగిన బండి దగ్గర ఎండ గురించి, వాన గురించి తప్ప మాట్లాడరు.

ఆమె మాట్లాడింది. ఇంట్లో ఫోన్ సిగ్నల్ అందేది ఆ సందులోనే. ఎలాగూ ఇనప సామానులో పోయే బండే కదా అనుకుంది. నాలుగు రోజుల క్రితం సీటు మీద చెయ్యి ఆనించి, వేరే ఊళ్లో ఉన్న అక్కతో గుసగుసగా చెప్పింది: "శుక్రవారం ఆయన డ్యూటీకి వెళ్లగానే పదింటి బస్సెక్కుతానక్కా."

కిందటిసారి ఇలాగే బయల్దేరబోతే అతనికి తెలిసిపోయింది. సందు పక్క గదిలో ఉంచి బయట గడియ పెట్టాడు. తొమ్మిది రోజులకు తీశాడు.

మేస్త్రీ ఎనిమిదింటికి వచ్చాడు. పొట్టిగా, బొజ్జతో, చెవి వెనక స్క్రూడ్రైవర్‌తో. కీ తిప్పాడు. లైటు వెలగలేదు.

"బ్యాటరీ పోయింది. పోతే పోయింది, కిక్ కొడదాం." ఆరుసార్లు కొట్టాడు. "కొత్తల్లుడిలా బిగుసుక్కూర్చుంది సార్. ఎంత బతిమాలినా లేవట్లేదు."

"లేపు. లేపి వినిపించు," భర్త నవ్వాడు. "ఏడు నెలలు వంటింటి కిటికీ కింద పడుంది. ఇంట్లో ఎవరేం కూశారో నేనూ వినాలిగా."

ఆమె వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది.

మేస్త్రీ ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. పెట్రోలు పాడై వార్నిష్ కంపు కొడుతోంది. దాన్ని డబ్బాలోకి వదిలి, సీసాలో తెచ్చిన కొత్తది కొంచెం పోశాడు. ప్లగ్గు విప్పి మసి గీకి, ఇంజన్‌కి ఆనించి కిక్ కొట్టాడు. నీలంగా మెరిసింది. ఒక్కో పని అయ్యేకొద్దీ ఆమె కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఇంకేదైనా విరిగి ఉండాలని కోరుకుంది. ఏదీ విరిగి లేదు.

"ఇక మిగిలింది కార్బ్యురేటర్. సార్, ఓ పాత గుడ్డ కావాలి."

భర్త లోపలికి వెళ్లాడు. మేస్త్రీ పెట్రోలు చిమ్మే గింజంత జెట్ విప్పి, రంధ్రం పూడిందేమోనని పెదాల దగ్గర పెట్టుకుని ఊదాడు. అందులోంచి ఆమె గొంతు సన్నగా వచ్చింది. "శుక్రవారం... పదింటి బస్సెక్కుతానక్కా..."

మేస్త్రీ తలెత్తి ఆమెను చూశాడు. ఆమె కిటికీ ఊచ పట్టుకుని ఉంది.

అతను జెట్‌ని, దాని కింది గిన్నెని పెట్రోల్లో ముంచాడు. సన్న తీగ దూర్చి తిప్పాడు. మళ్లీ ముంచాడు. భర్త గుడ్డ తెచ్చేసరికి మూడోసారి కడుగుతున్నాడు.

"జిగురు పట్టింది సార్. మొత్తం పోవాలి."

రెండో కిక్‌కి బండి లేచింది. మేస్త్రీ యాక్సిలరేటర్ పట్టుకుని నిలబడ్డాడు. కార్బ్యురేటర్ నుంచి ఒక్క మాట కూడా రాలేదు.

"ఇంతేనా?" అన్నాడు భర్త.

అప్పుడు సైలెన్సర్ అందుకుంది.

"గడియ పెట్టి పోతున్నా. అరిచావంటే వచ్చాక చెప్తా."

అతని గొంతే. పొగతో కలిసి సందు దాటి వీధిలోకి వెళ్లింది. తర్వాత ఆమెది: "నీళ్లయినా పెట్టి వెళ్లండి." మళ్లీ అతనిది: "నువ్వెక్కడికి పోతావే? కాళ్లుంటేగా పోవడానికి." నెల తర్వాత నెల, వరసగా వచ్చాయి. తన మాటలూ అందులో ఉంటాయని అతనికి తోచలేదు. అవి దాచుకోవాల్సినవని అతను ఏనాడూ అనుకోలేదు.

"ఆపు!"

"ఆపితే మళ్లీ లేవదు సార్. రేపు డ్యూటీ ఉందన్నారుగా," అన్నాడు మేస్త్రీ చెయ్యి తియ్యకుండా.

పాలాయన ఆగాడు. ఎదురింటి అన్నదమ్ములు గేటు దగ్గరికొచ్చారు. పై వాటాలో ఉండే ఇంటి ఓనరు టీచరమ్మ మెట్లు దిగొచ్చి, చివరి మెట్టు మీద నిలబడి అంతా విన్నది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరూ కదల్లేదు.

మాటలు అయిపోయాక మేస్త్రీ బండి స్టాండు తీశాడు. "ఇద్దరి బరువు మీద నడిపి చూస్తేగానీ నేను బండి అప్పగించను. వెనక ఎవరైనా కూర్చోవాలి."

"నేను కూర్చుంటా," అన్నాడు భర్త.

"నువ్వుండు బాబూ. నీతో మాట్లాడాలి," అంది టీచరమ్మ. "అమ్మాయ్, నువ్వెక్కు."

ఆమె తడి చేతులతోనే బయటికొచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. టీచరమ్మ తన చెప్పులు విడిచి ముందుకు జరిపింది.

బండి వీధిలోకి మళ్లింది.

"ఎక్కడికమ్మా?"

ఆమె ఏదో గొణిగింది.

"గట్టిగా చెప్పాలి. ఇంజన్ చప్పుడులో వినపడట్లేదు."

"బస్టాండుకి!"

అరుపులా వచ్చింది. సైకిల్ మీద పోతున్నాయన తిరిగి చూశాడు. ఆమె భయపడి వెనక్కి చూసింది. వీధిలోవాళ్లు ఇంకా సందు మొదట్లోనే నిలబడి ఉన్నారు, భర్త దారికి అడ్డంగా.