పై నుంచి పోసిన సల్ల

"సల్ల పల్సగైందేందే ఇయ్యాల?" అని మా అత్త అరుగు మీంచి కేకేసిందంటే మా ఇంట్లో తెల్లారినట్టు లెక్క.

పెళ్లయి అత్వెల్లికి వచ్చింది తొంభై నాలుగులో. గాజులరామారంలో మా పుట్టింట్లో పాకెట్ పాలే. పొద్దున్నే కత్తెర పట్టి మూల కోస్తే పాడి పని అయిపోయేది. ఇక్కడ ఐదు బర్రెలు. కవ్వం ముందు కూర్చుంటే గంటన్నర దాకా లేవడానికి లేదు. వెన్న ఇంట్లోకి, సల్ల ఊళ్లోకి. సల్ల అమ్మకూడదన్నది మా అత్త బాలమణి పెట్టిన నియమం. "పాలమ్ముకుంటం గని సల్ల అమ్ముకుంటమా? ఇచ్చిన చేతికే పుణ్యం" అనేది. పొలాలకు పోయేవాళ్లంతా గిన్నెలు పట్టుకొని అరుగు కింద నిలబడితే, ఆమె అరుగు మీద కూర్చొని పోసేది. చిలికేది నేను, పోసేది ఆమె. అందులో తప్పుందని మొదట్లో నాకు తట్టనేలేదు.

వచ్చిన వారానికే నవ్వులపాలయ్యాను. వంటింట్లో కవ్వం చప్పుడు మధ్య బయటి నుంచి ఎవరో "సల్ల... సల్ల..." అంటున్నట్టు వినబడింది. తక్కువైంది కాబోలనుకొని రెండు చేతులా కుండ మోసుకుంటూ అరుగు మీదికి పరుగెత్తాను. కింద వజ్రమ్మ, మా పొలంలో నాట్లు వేసే మనిషి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "నీ చెయ్యి సల్లగుండ అన్న, పటేలమ్మను. ఇంక సల్ల దెమ్మన్లే బిడ్డా!" అంది. వాళ్లు అడగడం లేదు, దీవిస్తున్నారు. ఆ దీవెన మా అత్తకి. నేను కుండ పట్టుకొని మళ్లీ లోపలికి వచ్చాను. ఈ మాట చెప్పుకొని మా ఆయన నరసింహ నెల రోజులు నవ్వాడు.

అత్త పోయడానికి ఒక పద్ధతి ఉండేది. ముంతను జానెడు ఎత్తున పట్టుకొని పై నుంచి పోసేది. వాళ్ల గిన్నె ముంతకు తగలకూడదు. సగం సల్ల కింద ఒలికిపోయినా సరే, తగలకూడదు. ఒలికింది నేను చిలికిన సల్లే. ఇది కంటబడడానికి నాకు చాలా కాలం పట్టింది, ఎందుకంటే ఆ వేళకి నేనెప్పుడూ లోపలే ఉండేదాన్ని.

రెండు వేల ఒకటో సంవత్సరం నాట్ల రోజుల్లో అత్త కళ్లు చూపించుకోవడానికి మేడ్చల్ వెళ్లి రాత్రికి అక్కడే ఉండిపోయింది. తెల్లారి అరుగు మీద నేను కూర్చున్నాను. వజ్రమ్మ గిన్నె పట్టబోయి నా అరచేతి కేసి చూసింది. కవ్వం తాడు ఒరుసుకొని రెండు చోట్ల తోలు లేచిపోయింది. ఇంట్లో అందరూ ఆ చేత్తో వడ్డించిన అన్నమే తింటున్నారు, ఒక్కరూ చూడలేదు.

"గిదేంది బిడ్డా, చెయ్యి గిట్లైంది?" అంది. గిన్నె అక్కడే పెట్టేసి గబగబా ఇంటికి పోయి, చిన్న కటోరలో వెచ్చటి ఆముదం తెచ్చింది. నేను అరుగు దిగి మెట్టు మీద కూర్చుంటే ఎదురుగా కూర్చొని, నా చెయ్యి ఒళ్లో పెట్టుకొని వేలు వేలుకూ రాసింది. నాట్లకు ఆలస్యమవుతోందన్నాను. ఆలస్యమయ్యేది మా పొలానికే, తిట్టేదీ మా ఆయనే. "పోతలే, ఆగు" అంది.

అప్పుడే అత్త ఆటో దిగింది. వజ్రమ్మ ఒళ్లో ఉన్న నా చెయ్యి చూసింది. లోపలికి వచ్చాక, "తానం జేసి రా. గట్లనే కవ్వం ముడ్తవా?" అంది.

చేశాను. సబ్బుతో ఎంత తోమినా ఆముదం జిడ్డు పోలేదు. నీళ్లు పోసుకుంటూ ఏడ్చాను, నొప్పికి కాదు, సిగ్గుకి. ఏడేళ్లలో ఈ ఇంటి నుంచి ఎన్ని కుండల సల్ల బయటికి పోయిందో. ఇన్నేళ్లలో ఎవరైనా అవతలి మనిషి ఎత్తుకి దిగి ఇవ్వడం నేను చూడలేదు. ఏమీ లేని వజ్రమ్మ నా ఎదురుగా కూర్చొని ఇచ్చింది. ఆమె ఇచ్చిన దాన్ని నేను కడిగేసుకుంటున్నాను.

తర్వాత అత్తకు మోకాళ్లు పట్టేశాయి, మంచం దిగలేకపోయింది. పోయడం కూడా నా పనైంది. నేను అరుగు కిందికి దిగి, గిన్నెకు ముంత ఆనించి పోశాను. వజ్రమ్మ గిన్నె వెనక్కి లాక్కోబోయింది. "తగలనియ్యి" అన్నాను. "అమ్మ సూస్తే పానం ఇడుస్తది" అన్నాడు మా ఆయన. ప్రాణం ఏమీ పోలేదు. అత్త మంచం మీద నుంచే తలుపులోంచి చూస్తూనే ఉండేది.

రెండు వేల ఆరు ఎండాకాలం. అప్పటికి మా ఆయన పొలం సగం ప్లాట్లు చేసి అమ్మేశాడు, సర్పంచి ఎన్నికల మీద పడ్డాడు. ఒక మధ్యాహ్నం ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకొని వచ్చి వసారాలో పరిచాడు. నిలువెత్తు ఫొటో, నమస్కారం, పక్కన "దాత".

"రేపటి సంది మన ఊరి బస్టాండ్ కాడ సల్ల పందిరి. రోజుకు పది బిందెలు. మన బర్రెలియి సాలవు, పాలు కొనుక్కొస్త. నువ్వు జర చిలికియ్యి."

"నన్ను అడగకుంట ఎట్ల ఒప్పుకున్నవ్?"

"దానానికి అడుగుడేందే? పుణ్యమొచ్చే పని. నాకొచ్చిన పుణ్యంల సగం నీకే గద, పెండ్లానివి."

సగం. ఆ మాట దగ్గర ఆగిపోయాను. పన్నెండేళ్ల నా పొద్దుటి పూటలన్నీ అత్త పేరున పోయాయి. ఇప్పుడు ఈయన పేరున పోతాయి. మిగతా రోజంతా వంటా, పేడా, అత్త మందులూ. అరుగు కింద నిలబడి వజ్రమ్మ గిన్నెలో పోసే ఆ ఒక్క ముంతే నాకంటూ నేను ఇచ్చేది. పది బిందెలు చిలికితే దానికి చేతుల్లో సత్తువ మిగలదు. కోపం రాలేదంటే అబద్ధం. కానీ అరవాలనిపించలేదు.

"అరుగు కాడ నేనిస్తున్న, ఇస్త. పందిరి నీది" అన్నాను.

"మరి గంత సల్ల ఎవరు చిలుకుతరే?"

"పుణ్యంల సగం నాదే అంటివి గద?"

"నీదే."

"గా సగం గుడ నీకే దానమిస్తున్న. చెయ్యి వట్టు."

ఏదో ఆటలే అనుకొని నవ్వుతూ చెయ్యి చాచాడు. అందులో కవ్వం తాడు పెట్టాను.