ఒకటో రేంజి

"చెప్పులేసుకుంటే కాలికి బండి పెడలు తెలీదే. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అన్నాడు చంద్రరావు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"వేసుకోకపోతే తెలుస్తోందేంటి? మొన్న నిప్పు తొక్కి, దానిమీదే నిలబడి నన్ను కాఫీ అడిగావు. వాసనొచ్చి నేను చూస్తే గానీ నీకు తెలీలేదు."

"ఏదో పరాకు."

"అరికాలు కాలుతుంటే పరాకేంటయ్యా?"

మూడు రోజులుగా నడుస్తున్న తగువు ఇది. భీమవరంలో షుగరు డాక్టరు రాసిచ్చిన చెప్పుల జత గుమ్మం పక్కనే ఉంది. నల్లగా, మందంగా, మెత్తటి అడుగుతో, మడమ వెనక కూడా పట్టీతో. వాటిని చూస్తేనే చంద్రరావుకి ఒళ్లు మండుతుంది.

"ముసలాళ్ల చెప్పులు" అన్నాడు.

"నువ్విప్పుడు పెళ్లికొడుకువి మరి" అంటూ అతని భార్య లోవలక్ష్మి క్యారేజీ సంచి తెచ్చి చేతికిచ్చింది. సంచి రోజూకన్నా బరువుగా ఉన్న సంగతి అతను గమనించలేదు. పాత హవాయి చెప్పులు తొడుక్కుని, చెరువు గట్టు మీదుగా, తను డ్రైవరుగా పనిచేసే మాధవరాజుగారి ఇంటికి బయల్దేరాడు. చెరువులో ఏరియేటర్లు చక్రాల్లా తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. కొంత దూరం పోయాక, రొయ్యలకి మేత వేస్తున్న మనిషి వెనక నుంచి కేకేశాడు.

"చంద్రరావుగారూ, చెప్పు ఇక్కడే వదిలేసి పోతన్నారండీ."

చూసుకుంటే కుడికాలి చెప్పు లేదు. వెనక్కి వెళ్లి, కింద పడ్డది ఇంకేదో వస్తువైనట్టు నింపాదిగా తొడుక్కుని, మళ్లీ నడిచాడు. ఇక అక్కణ్నుంచి ప్రతి అడుక్కీ కిందికి చూసుకుంటూనే ఉన్నాడు.

రాజుగారి గ్యారేజీకి ఒక్కటే మెట్టు. చంద్రరావు చెప్పులు ఆ మెట్టు మీద విడిచి, ఒట్టికాళ్లతో బండి ఎక్కుతాడు. పద్దెనిమిదో ఏట ట్రాక్టరు ఎక్కిన రోజునుంచీ అంతే. రాజుగారి భార్య సుబ్బాయమ్మగారికి నొప్పులొచ్చిన రాత్రి, గాలివానలో, కాలవ గట్టు ఎక్కడుందో కంటికి ఆనకపోయినా అంబాసిడరుని భీమవరం ఆసుపత్రి దాకా చేర్చింది ఆ పాదమే. అప్పుడు పుట్టినవాడే సందీప్. రోడ్డు మెత్తగా ఉందా, బ్రేకు ఎంత పట్టింది, ఇంజను ఎక్కడ మూలుగుతోంది, అన్నీ ఆ అరికాలికి తెలిసేవి. అతను దానికి ఏనాడూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

అంబాసిడరు పక్కన ఎర్రటి కారు నేలకి కరుచుకుని ఉంది. రెండేళ్ల కింద సందీప్ బెంగుళూరులో ఎవరి దగ్గరో కొన్న జర్మనీ కారు. ఈ గతుకుల్లో, రొయ్యల లారీల వెనక, దాన్ని నడపలేక ఇప్పుడు అమ్మేస్తున్నాడు. కొంటానన్న రాజమండ్రి ఆసామి బేరం ఖాయం చేసుకునే ముందు, హైదరాబాదు నుంచి మనిషిని పంపి కంప్యూటరు పరీక్ష చేయించుకుంటానన్నాడు.

"ఇంజన్ని ఎప్పుడు ఎంత పరిగెత్తించామో మొత్తం బండి కంప్యూటరులోనే ఉంటుంది చంద్రరావ్, మనం దాచలేం" అన్నాడు సందీప్ నవ్వుతూ, వారం కిందట. అప్పట్నుంచీ చంద్రరావుకి తిన్నది ఒంటపట్టడం లేదు.

దానికి ముందు రోజే అతను ఆ కారుకి పెట్రోలు పోయించడానికి వెళ్లి, రైలు గేటు దగ్గర ఆగాడు. బండి న్యూట్రల్లో ఉంది. ముందు పాల క్యాన్ల సైకిలు, దాని ముందు బడిపిల్లలు. కుడికాలు కిందకి పెట్టి కూర్చున్నాననే అనుకున్నాడు. ఉన్నట్టుండి ఇంజను కీచుమంటూ అరిచింది. పాలవాడు ఉలిక్కిపడి చూశాడు. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఎవడో పక్క బండివాడు అరిపిస్తున్నాడనుకుని చంద్రరావు కూడా అటే చూశాడు. ఆ తర్వాత కిందికి చూస్తే, తన పాదం పెడలు మీద ఉంది. అడుగంటా నొక్కి ఉంది.

చేత్తో మోకాలు పట్టుకుని దాన్ని పక్కకి తీశాడు.

ఈ పొద్దున అంబాసిడరు తీసుకుని, ఆ పరీక్ష చేసే మనిషి కోసం భీమవరం స్టేషనుకి వెళ్లాడు. రైలు దిగిన కుర్రాడి పేరు వరుణ్. ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లోనే కూర్చున్నాడు. దారిపొడుగునా చంద్రరావు రోడ్డు వైపోసారి, కాళ్ల వైపోసారి చూస్తూ నడిపాడు.

"కింద ఏమైనా పడిందా అండి?" అన్నాడు వరుణ్.

"లేదండి, ఏం లేదండి."

గేరు మార్చి, చంద్రరావే అడిగాడు. "బాబూ, ఆ కంప్యూటరులో ఎవరు నడిపారో కూడా పడుద్దాండి?"

"మనిషి పడడండి. గంట పడుతుంది. అంటే ఇంజను మొత్తం తిరిగిన గంటల్లో ఎన్నో గంటలో జరిగిందో."

చంద్రరావు మళ్లీ కిందికి చూసుకున్నాడు.

పరీక్షకి ఇల్లంతా గ్యారేజీ ముందుకి చేరింది. మాధవరాజుగారు కుర్చీ వేయించుకున్నారు. సుబ్బాయమ్మగారు వాకిట్లో నిలబడ్డారు. సందీప్, అతని భార్య ఇంద్రజ, కారుకి చెరో పక్కా. వరుణ్ స్టీరింగు కింద వైరు తగిలించి చాలాసేపు తెర చూస్తూ కూర్చున్నాడు. చంద్రరావు తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఇంజను అతిగా తిరిగిన గుర్తులు ఐదో రేంజిలో ఉన్నాయండి" అన్నాడు వరుణ్.

సందీప్ మొహం మారింది. "అంటే ఇంజను పోయినట్టేనా?"

"ఆగండి. మొదటి రెండు రేంజిలూ యాక్సిలరేటరు తొక్కితే వచ్చేవి. హద్దు దాటుతుంటే కంప్యూటరే పెట్రోలు కట్ చేసేస్తుంది. పై రేంజిలు తొక్కితే రావు, గేరు తప్పు పడితేనే వస్తాయి. ఐదో గేరు నుంచి నాలుక్కి వెయ్యబోయి రెండులో వేశారనుకోండి, అప్పుడు చక్రాలే ఇంజన్ని తిప్పేస్తాయి. కంప్యూటరు చేసేదేం ఉండదు. వాల్వులు వంగిపోతాయి."

"ఎవడు చేశాడా పని?" అన్నారు మాధవరాజుగారు కొడుకు వైపు చూస్తూ.

"వీళ్లు కాదండి. ఇవి బండి కొత్తలో పడ్డవి, మొదటి ఓనరు చేతిలో. ఆ తర్వాత వందల గంటలు తిరిగింది. దెబ్బ తగిలుంటే ఎప్పుడో ఆగిపోయేది. ఎందుకైనా మంచిది, సిలిండర్లు కూడా చూస్తాను గానీ, భయం లేదండి."

అందరికీ ఊపిరొచ్చింది. వరుణ్ నవ్వాడు. "ఒకటో రేంజి మాత్రం ఈ మధ్యే పడింది. మీలో ఎవరో సరదా తీర్చుకున్నారు. దానివల్ల ఏం కాదులెండి, లెక్కలోకి రాదు."

"ఇంకెవరు, మా వాడే. అమ్మేసే బండి కదా అని అరిపించి ఉంటాడు" అన్నారు మాధవరాజుగారు.

"పెట్రోలు మీది కదండీ, ఆయనకేం" అంది ఇంద్రజ. సుబ్బాయమ్మగారు కూడా నవ్వారు. సందీప్ తనేనేమో అన్నట్టు తల గోక్కున్నాడు.

లెక్కలోకి రాదు. ఆ మాట కోసమే చంద్రరావు వారం రోజులు ఎదురుచూశాడు. ఇప్పుడది వచ్చింది, అయినా గుండె కుదుటపడలేదు. ఆ కంప్యూటరులో పాల సైకిలు లేదు. బడిపిల్లలు లేరు. బండి న్యూట్రల్లో కాక గేరులో ఉండి ఉంటే ఏమయ్యేదో అందులో ఏ రేంజిలోనూ పడదు.

గుడ్డ మడిచి బానెట్టు మీద పెట్టాడు.

"అది చినబాబుగారు కాదండి. నేనండి" అన్నాడు.

"నువ్వు తొక్కావా?" మాధవరాజుగారికి నవ్వు ఆగలేదు. "ఈ వయసులో ఇదేం సరదారా చంద్రం?"

"సరదా కాదండి. రైలు గేటు కాడ. కాలు పెడలు మీదుందని నాకు తెలీలేదండి. షుగరండి. పాదం చచ్చిపోయింది." జేబులోంచి అంబాసిడరు తాళం తీశాడు. "రేపట్నించి బండెక్కనండి నేను. ఇంకొకర్ని చూసుకోండి."

సందీప్ అతని పాదాల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. సుబ్బాయమ్మగారు రెండడుగులు ముందుకొచ్చారు.

"లోవలక్ష్మికి చెప్పావా?"

"చెప్పాలండి. సంతోషిస్తుందండి."

"బండ్లు తుడవడానికైనా వస్తుండు. ఇంటికి రావడం మాత్రం మానకు" అన్నారు మాధవరాజుగారు, గొంతు తగ్గించి.

"ఆయ్, చూద్దామండి."

రెండు కార్ల తాళాలూ సందీప్ చేతిలో పెట్టాడు. క్యారేజీ తీసుకుందామని సంచిలో చెయ్యి పెడితే కింద మెత్తగా తగిలింది. తువ్వాలు చుట్టి పెట్టిన నల్లచెప్పులు. చంద్రరావు వాటిని కాసేపు చూశాడు. ఆ తర్వాత గోడ పట్టుకుని, వంగి, ఒక్కో పట్టీ చేత్తో బిగించుకుని, కిందికి చూసుకుంటూ గేటు దాటాడు.

ఐదు వేళ్లూ, మడమా గుంటలు పడిన హవాయి చెప్పుల జత గ్యారేజీ మెట్టు మీద, పొద్దున విడిచినచోటే, కారు వైపు తిరిగి ఉంది.