మధ్యాహ్నం కరెంటు

అనీస్ బేగం ఇస్త్రీ దుకాణం ఇస్నాపూర్‌లో కంపెనీ బస్సులు ఆగే మలుపు దగ్గర ఉంటుంది. దుకాణమంటే ఒక రేకుల గది, ఒక బల్ల, రెండు ఇస్త్రీపెట్టెలు. పొద్దున షట్టరు ఎత్తకముందే షిఫ్టుకు పోయేవాళ్లు యూనిఫాంలు చంకలో పెట్టుకుని నిలబడి ఉంటారు. మునుపు బొగ్గుల పెట్టెతో చేసేది. భుజం పట్టేసి నిద్రలేకుండా అయ్యాక ఆమె భర్త గులాం మొహమ్మద్ కరెంటు పెట్టెలు కొనుక్కొచ్చాడు. ఆ ఏడాదే తన డీజిల్ ఆటో అమ్మేసి కరెంటు ఆటో తెచ్చుకున్నాడు.

కరెంటుతో ఒక సంగతి ఉంది. అది ఎక్కడ పుడితే అక్కడి వాసన బట్టలకు పడుతుంది. పొద్దునా సాయంత్రం చేసిన చొక్కాలకు బొగ్గుగని వాసన. వానాకాలంలో డ్యాములు నిండితే నాచు వాసన, కొంచెం చేపల వాసన. ఇస్నాపూర్‌లో ఇది అందరికీ తెలిసిందే. నర్సు సిల్వియా, "నావి నీళ్ల కరెంటు వచ్చినప్పుడు చెయ్యక్కా, వార్డుల పేషెంట్లకు సల్లగుంటది" అని చెప్పి పోయేది. గులాం ఆటో ఎక్కినవాళ్లు సీటు వాసన చూసి బండిని ఎన్నింటికి చార్జింగ్ పెట్టాడో చెప్పేవాళ్లు.

నిరుటి నుంచి మధ్యాహ్నం కరెంటులో కొత్త వాసన ఒకటి మొదలైంది. పదకొండు దాటాక వచ్చి మూడింటికల్లా పోయేది. ఎండిన మట్టి, కాలిన గాజు, ఎక్కడో దూరంగా గొర్రెల మంద. అనీస్ బేగం పుట్టింది పటాన్‌చెరులో, పెరిగింది కంపెనీ గోడల పక్కన. ఏ ఊరి మట్టో ఆమెకు తెలియలేదు. పని ఆపి, వేడి చొక్కాను ముక్కుకు ఆనించుకుని ఆలోచించేది.

ఆ ఊరేదో చెప్పినవాడు సంగప్ప. బొల్లారంలో ఒక మందుల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, మాట తక్కువ. ఒకరోజు మడత పెట్టిన చొక్కా అందుకుని వెళ్లబోయి ఆగాడు.

"ఇది ఎప్పుడు చేసినవు బిడ్డా?"

"ఇప్పుడే కాకా. ఏమైంది, మాడిందా?"

"మాడలే. ఇది మా చేను."

జహీరాబాద్ అవతల, కర్ణాటక హద్దుకు దగ్గర్లో అతనికి ఆరెకరాల రేగడి ఉంది. బోరు ఎండిపోయి, భార్య కూడా చనిపోయాక, ఆ భూమిని సోలార్ ప్లేట్లు పెట్టేవాళ్లకు ఇరవై ఐదేళ్లకు కౌలుకిచ్చి ఇస్నాపూర్‌లో కిరాయి గదికి వచ్చాడు. మళ్లీ ఆ వైపు పోలేదు. గడ్డి మొలవకుండా మందు కొడతారని విన్నాడు. చూడబుద్ధి కాలేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు రావడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చెదరని చొక్కాను కూడా తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. అనీస్ బేగం అడిగేది లేదు. పెట్టె ఒకసారి అలా తిప్పి ఇచ్చేది. అతను వాసన చూసి, "గాలి తూర్పు నుంచి కొడుతున్నది" అనో, "మందను పైకి తోలిన్రు" అనో చెప్పి పోయేవాడు. ఆమె కళ్లు మూసుకుని ఆ చేనును ఊహించుకునేది. ఎంత ఊహించినా ప్లేట్ల కింద ఏముంటుందో అంతుపట్టేది కాదు.

జనవరి నెల చివర్లో వాసన మారింది. ముందు పసిగట్టింది ఆమే. వేడి బట్టలోంచి సన్నటి పులుపు లేచి నోట్లో నీళ్లూరాయి. చింతపండు కాదు, నిమ్మకాయ కాదు. సంగప్ప రాగానే చొక్కా అందించింది.

"కాకా, జెర సూడు. ఈ పులుపు ఏంది?"

అతను చాలాసేపు చొక్కాలోంచి ముఖం తీయలేదు.

"శనగ. పచ్చి శనగాకు పులుపు."

"ఎవరేసిన్రు?"

"ఎవరేస్తరు? మందు కొట్టిన భూమి. ఎవలూ వెయ్యరు."

అదే వారం అతని కంపెనీలో కార్డు చూపిస్తే తెరుచుకునే గేటు పెట్టారు. మూలమూలకూ కెమెరాలు వచ్చాయి. ఆరుగురు వాచ్‌మన్లు ఉన్నచోట ఇద్దరు చాలన్నారు. నెలాఖరుతో సంగప్ప డ్యూటీ అయిపోతుంది. ఆ మాట చెప్తున్నప్పుడు కూడా అతని చేయి చొక్కా మీదే ఉంది.

"పోయి సూద్దాం కాకా," అంది అనీస్ బేగం.

"సూసి ఏం జెయ్యాలె?"

"ఎవరేసిన్రో తెలుస్తది గదా. నాకైతే రెండు రోజుల సంది వేరే పని మీదకు మనసు పోతలేదు."

ఆదివారం దుకాణం మూసేసి రొట్టెల డబ్బా కట్టుకుంది. గులాం ఇద్దరినీ బస్సు దాకా దింపి, "వచ్చేటప్పుడు నాకు ఫోన్ చెయ్యి" అన్నాడు. జహీరాబాద్‌లో దిగి ఆటో పట్టుకున్నారు. హద్దు రాయి దగ్గర ఆటో ఆగినప్పుడు సంగప్ప వెంటనే దిగలేదు.

కనుచూపు మేరా నీలం ప్లేట్లు, ఎండ వైపు ముఖం పెట్టుకుని. అనీస్ బేగం ఒకదాని అంచు తాకి చేయి వెనక్కి తీసుకుంది. ఆమె పెట్టె ఎంత వేడో ఇదీ అంతే వేడి. వంగి కింద చూసింది. ప్లేట్లు కడిగిన నీళ్లు జారే చోట, వరసకూ వరసకూ మధ్య, శనగ మొక్కలు. సన్నగా, పొడుగ్గా సాగి, పాలిపోయి ఉన్నాయి.

ఒక యువకుడు నీళ్ల పైపు వదిలేసి వచ్చాడు. అతని పేరు మహేంద్ర, ఆ ప్లేట్లన్నిటికీ సూపర్‌వైజర్. అనీస్ బేగం వచ్చిన పని చెప్పింది.

"వాసన ఇస్నాపూర్ దాక వచ్చిందా?" అన్నాడు, ఎన్ని కిలోమీటర్లు అని అడిగినట్టు. "ఏసింది నేనే. వేరే దేశాల్ల ప్లేట్ల నడుమ పంటలు తీస్తున్నరంట, ఫోన్ల సూసిన. మన తాన ఐతదా కాదా అని సూద్దామనిపించింది. గడ్డి మందు ఆపించిన. పంట ప్లేట్లకు అడ్డం రాకుంటే చేను సూసుకునేటోన్ని పెట్టుకొమ్మన్నరు మా సార్లు. అడ్డమొస్తే మార్చి నుంచి మళ్ల మందే."

"మరి గిట్ల లేసినయేంది?" అంది ఆమె. కొన్ని మొక్కలు అప్పుడే ప్లేటు అంచును తాకబోతున్నాయి.

"అదే తెలుస్తలేదు. ఊర్ల అడుగుదామంటే తెలిసినోళ్లంత కంపెనీలకు పోయిన్రు."

సంగప్ప ఆ మాట విన్నాడో లేదో. వరస మొదట్లో గొంతుక్కూర్చున్నాడు. ఒక మొక్క తల పట్టుకుని రెండు వేళ్లతో తుంచాడు. ఇంకోటి తుంచాడు.

"నీడ పడితే ఎండ కోసం పైకి గుంజుతది," అన్నాడు నేల వైపు చూస్తూనే. "తల దుంచితే పక్కలకు కొమ్మలేస్తది. ఎత్తు వెరగదు, కాయ ఎక్కువ వడ్తది. దగ్గర దగ్గర ఏసినవు బిడ్డా. నడుమ నడుమ పీకాలె."

మహేంద్ర అతని పక్కన కూర్చుని తనూ తుంచబోయాడు. సంగప్ప అతని చేయి పట్టుకుని ఎంత తుంచాలో చూపించాడు. అనీస్ బేగం ఒక చిగురు నోట్లో వేసుకుంది. నాలుక జివ్వుమంది. ఇస్త్రీ బల్ల మీద అందింది ఇందులో సగం కూడా లేదు.

నీడలు ప్లేట్ల కింది నుంచి బయటికి పాకాయి. రోడ్డు మీద ఆగి ఉన్న ఆటో హారన్ మోగింది.

"కాకా, బస్సు అందాలె. జల్దీ పోదాం."

"నువ్వు పో బిడ్డా. ఈ సాలు ఐపోయినంక వస్త."

ఆమె ఆ సాలు వైపు, ఆ మొక్కల వరస వైపు చూసింది. ప్లేట్ల కింద నుంచి అది అలా పోతూనే ఉంది. చివర ఎక్కడో కనబడలేదు. రొట్టెల డబ్బా తీసి అతని పక్కన, ఎండ పడని చోట పెట్టి, ఒక్కతే రోడ్డెక్కింది.