బోర్లా నేసిన మాట

పొద్దున ఎనిమిదింటికి జోగులమ్మ మగ్గం గుంటలోకి కాళ్లు దించుతుంది. అదే గదిలో గోడవారగా కూతురు యమున లాప్‌టాప్ తెరుస్తుంది. గద్వాలలో ఆ వీధంతా నేతవాళ్లే, యమున కూడా నేయాల్సిన మనిషే. కానీ ఇంటర్ చదివే రోజుల్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ రెండు చేతుల్లో వణుకు వదిలిపోయింది. మగ్గం మీద అటూ ఇటూ దారం పోనిచ్చే నాడెను విసరలేదు. మౌస్ పట్టుకుంటే తెర మీది బాణం బెదిరిన కోడిపిల్లలా ఉరుకుతుంది. కీబోర్డు మీద మాత్రం ఒక్కో మీటా ఒత్తి ఎంతైనా టైపు చేస్తుంది.

హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంటి నుంచే టైపు చేసే ఉద్యోగాలకు ఆన్‌లైన్ శిక్షణ పెట్టింది. పన్నెండు పాఠాలు శనివారంలోగా ముగించాలి. ముప్పై ఐదు నిండినవాళ్లను తీసుకోరు. యమునకు వచ్చే నెలలో నిండుతాయి. ఇంకో అవకాశం లేదని తల్లికీ తెలుసు, కూతురికీ తెలుసు.

సోమవారం ఏడో పాఠం దగ్గర బండి ఆగింది. పేజీ మధ్యలో ఒక చిన్న పెట్టె, దాన్నిండా నియమాలు. అడుగుదాకా జరిపి చదివితేనే కింద ‘ముందుకు’ అనే బటన్ వెలుగుతుంది. యమున ట్యాబ్ నొక్కితే పెట్టెను దాటేసి ఆ వెలగని బటన్ మీదికే పోతోంది. బాణం మీట నొక్కితే పేజీ మొత్తం కదులుతోంది గాని పెట్టెలో అక్షరం కదలడం లేదు. మౌస్ పట్టని చెయ్యి కూడా లోకంలో ఉంటుందని ఆ పెట్టె చేసిన మహానుభావుడికి తోచలేదు. జోగులమ్మ వచ్చి మౌస్ జరపబోతే, చదివేది ఒక్కరేనా అని కనిపెట్టే లాప్‌టాప్ కెమెరా రెండో మొహాన్ని చూసి పాఠాన్ని మళ్లీ మొదటికి తెచ్చింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే, అందరికీ బాగానే పనిచేస్తోంది, ఇంకోసారి చూడండి అన్నారు.

ఆ ఇంట్లో ఎవరూ చదవలేకపోయిన రాత ఏదైనా మగ్గం మీది బట్టలోకి దిగుతుంది. ఎప్పటినుంచో అంతే. ఒకసారి దవాఖాన చీటీ అంచులో పడితే మందుల దుకాణం రాములు చీర చూసే గోలీలు ఇచ్చాడు. ఈసారీ మంగళవారానికల్లా దారాలు దారి తప్పుతున్న సంగతి జోగులమ్మ చేతికి తెలిసింది. కాకపోతే ఆమె చీరను బోర్లా నేస్తుంది. మంచి మొహం కిందికి ఉంటుంది, నేసింది నేసినట్టే కర్రకు చుట్టుకుపోతుంది. చీర కోసి దించితేగాని ఏం పడిందో తెలియదు.

“కోద్దామా అమ్మా? బయటపడే తొవ్వ గూడ అండ్లనే రాసుంటదేమో,” అని బుధవారం యమున అడిగింది.

“సగం చీర కోస్తే నూలిచ్చి నేయించే సేటు ఊకుంటడా? నియమాలే గద బిడ్డా, ఏడికి పోతయి. శుక్రారం దించుత.”

కానీ శుక్రవారమంతా జరీ తెగుతూనే ఉంది. చీర దిగేసరికి ఆదివారమైంది.

తిప్పి పరిచారు. కొంగు నిండా జరీ అక్షరాలు. అన్నిటికంటే కింద చివరి వాక్యం: ‘మౌస్ వాడలేనివారు శుక్రవారం సాయంత్రంలోగా ఈ నంబరుకు ఫోన్ చేస్తే పాఠాన్ని వేరే విధంగా పంపుతాము.’

యమున దాన్ని పైకి చదివింది. జోగులమ్మ కొంగు పక్కనే కూలబడి ఏడ్చింది. తన చేతులతో తనే నేసి, తనే చుట్టి దాచిపెట్టిన మాట అది. యమునకు ఏడుపు కూడా రాలేదు.

సోమవారం ఆ నంబరుకు చేస్తే సుష్మిత అనే అమ్మాయి ఎత్తింది. గడువు దాటిందనీ, వయసు సంగతి తన చేతిలో లేదనీ గొంతు తగ్గించి చెప్పింది.

“ఈ నంబరు పెట్టి రెండేండ్లాయె అక్కా. ఒక్క ఫోన్ రాలే. ఎవరికీ అవసరం లేదని నెలాఖరుకు తీసేస్తున్నం. మీరు ఏడ చూసిన్రు?”

“చీర మీద.”

సుష్మిత ఆ మాట అలాగే రాసుకుంది. పెట్టె ఎక్కడ ఆగిపోతుందో, ఏ మీట నొక్కితే ఏమవుతుందో యమునతో గంటసేపు చెప్పించుకుంది.

సుదర్శన్ సేటు అక్షరాల చీర తనకొద్దన్నాడు. జోగులమ్మ దాన్ని మడిచి పెట్టుకుని మగ్గానికి కొత్త పడుగు దారాలు ఎక్కించింది.

మూడు నెలలకు సుష్మిత మళ్లీ ఫోన్ చేసింది. ఇప్పుడు ట్యాబ్ నొక్కితే పెట్టె మీద ఆగుతోందట, బాణం మీటతో లోపలి రాత కదులుతోందట. కొత్త బ్యాచులో పదకొండు మంది మౌస్ ముట్టకుండానే పన్నెండు పాఠాలూ పూర్తి చేశారట, అందులో పెద్దమందడి అనే ఊరి ఆమె కూడా ఒకరట. యమున ఆ కబురు తల్లికి చెప్పింది.

జోగులమ్మ నాడె ఆపింది.

“అండ్ల నువ్వున్నవా బిడ్డా?”

“లేనమ్మా.”

ఆ పూట జోగులమ్మ మళ్లీ నాడె ముట్టలేదు.